రంగుల కొట్టంలో రుద్దే చప్పుడు

తిరుత్తణి స్టేషన్ నించి మా నేతగాళ్ళ వీధికి వచ్చే దోవలో పాడుబడిన రంగుల కొట్టం ఒకటి ఉండేది. పొద్దు వాలితే అటు ఎవరూ పోరు. నూలుకు నీలిరంగు వేసే వళ్ళియమ్మ అక్కడి బావిలో పడి చచ్చిపోయిందట. చేతులకంటిన నీలి వదలక, రాత్రిళ్ళు రుద్దుకుంటూ ఉంటుందట...

ఇది మా వీధి కస్తూరమ్మ తనకు జరిగిందని నాకు చెప్పిన సంగతి. ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటేడనుకుంటాను. ఏడాది తప్పితే తప్పొచ్చు... మిగతాది తప్పలేదు.

ఆమె మొగుడు దండపాణికి చూపు మసకబారి మగ్గం ఆగిపోయింది. తిరువళ్ళూరు ఆస్పత్రిలో చేర్చినారు. కంటి ఆపరేషన్‌కు ఇంట్లో ఉన్న దారి ఒకటే — ముంతలో దాచిన పాత వెండి రూపాయలు.

పాత నాణేలు సేకరించే మద్రాసు వాళ్ళ కోసం ధర అంచనా కట్టే వేలాయుధం ఆ పొద్దున వచ్చినాడు. రూపాయిని అంచులతో పట్టుకుని, భూతద్దంలో దాని మీది రాణి బొమ్మ జుట్టు పాయలు చాలాసేపు చూసినాడు.

"అక్కా, ఈ నలుపు చూసినావా? ఏండ్ల తరబడి ఎక్కింది. వాళ్ళు ధర కట్టేది దీనికే. తోమినావో, వట్టి వెండి తూకమే... ఆపరేషన్‌కు సగం గూడ రాదు. రేపు కొనే ఆయన్ను పిలుచుకొస్తా. చెయ్యి పెట్టొద్దు."

అత్త తిరుమలమ్మకు చెవుడు. "ఆ భూతద్దమోడు ఏమంటాడే?" అంది.

"రేపు చూసేదానికి పెద్దాయన వస్తాడంట అత్తా!" అని చెవిలో అరిచి, కస్తూరమ్మ ఆస్పత్రికి పోయే రైలుకు పరిగెత్తింది.

తిరిగి ఆఖరు బండి దిగేసరికి ఊళ్ళో కరెంటు లేదు. తడుముకుంటూ కొట్టం దాకా వచ్చింది.

గర్... గర్...

నిలబడిపోయింది.

నీళ్ళు చిలికిన చప్పుడు. మళ్ళీ — గర్... గర్...

గోడకు అతుక్కుని, మురుగా మురుగా అనుకుంటూ ఎంతసేపు ఉండిపోయిందో ఆమెకే తెలీదు. లోపల రుద్దుతూనే ఉంది... రుద్దుతూనే ఉంది...

ఉన్నట్టుండి ఆగింది.

గోడ మీదుగా ఒక వెలుగు పైకి లేచింది. దాని పక్కన తెల్లటి జుట్టు.

"కస్తూరీ..."

పేరు పెట్టి పిలిచింది!

"అట్ల వణకతా ఉండావేందే? రా లోపలికి."

లాంతరు పట్టుకుని — అత్త!

"వళ్ళియమ్మనుకున్నావా? అది నా ఈడుదే. బతికున్నప్పుడే నా నోటికి జడిసేది, ఇప్పుడేం చేస్తుంది! మన బావివి ఉప్పు నీళ్ళు గదా, అందుకని ఈడికొచ్చినా."

బావి గట్టున చింతపండు పిప్పి, బూడిద. పరిచిన తువ్వాలు మీద రూపాయలన్నీ తళతళా మెరుస్తున్నాయి.

"పెద్దమనిషి చూసే వెండి నల్లంగా ఉంటే మనకు మర్యాదా? నా బిడ్డ కండ్ల కోసం... చేతులు పుండ్లయినా విడవలేదు."

కస్తూరమ్మ కూలబడింది. ఒక్కో రూపాయినీ లాంతరు దగ్గరికి తెచ్చి, అటూ ఇటూ తిప్పి చూసింది.

అత్త నవ్వింది.

"ఏం వెతుకుతావే పిచ్చిదానా? నలుపు ఒక్కదానికైనా మిగిల్చినానా!"