చెప్పొద్దన్న ఆరు అంకెలు

"సిగ్గు లేదార నీకు? నా బిడ్డ గొంతు పెట్టుకొని నా ఇంటికే కన్నం వేస్తవా? పెట్టు ఫోను!"

ఆండాలు అరుపుకు కొట్టంలోని నాలుగు బర్రెలూ తలలెత్తాయి. మంగళవారం ఉదయం పది గంటలు దాటి ఐదు నిమిషాలు. జహనుమా బస్తీలో ఎండ అప్పుడే గోడ దిగుతోంది. ఫోన్‌లో ఏడ్చిన గొంతు నిజంగానే తన కూతురు నందినిదని ఆ తల్లికి మధ్యాహ్నం దాకా తెలియదు!

నందిని డిగ్రీ పాసై రెండేళ్లు ఖాళీగా ఉంది. ఐదు నెలల కింద బస్తీ కమ్యూనిటీ హాలు పైన కంప్యూటర్ సెంటర్‌లో చేరింది. ఉద్యోగం లేని పిల్లలకు అక్కడ ఫీజు లేకుండా నేర్పుతారు. చివర ఒక పరీక్ష. పాసైన వాళ్లను ఒక ఆసుపత్రిలో పేషెంట్ల పేర్లు ఎక్కించే కౌంటర్‌కు తీసుకుంటారు.

తండ్రి మైసయ్య ముందే చెప్పేశాడు. "ఈ ఒక్కసారే బిడ్డా. కొలువొస్తే పో, నేనడ్డం రాను. రాకుంటే కొట్టంల పని జూసుకో. పొద్దున మాపు నాలుగు బర్రెలు నా ఒక్కని తోటి అయితయా? ఇగ నాతోని లొల్లి పెట్టుకోవద్దు."

ఆ ఒక్కసారి కోసం ఆండాలు చేసింది ఎవరికీ చెప్పలేదు. నాలుగు బర్రెల్లో గౌరి అనేది నందిని చేతికి తప్ప చేపదు. వేరే చెయ్యి పడితే పాలు పైకి లాక్కుంటుంది, తన్నుతుంది. నందిని పొద్దున క్లాసుకు పోవడం మొదలుపెట్టాక ఆండాలు కూతురు విడిచిన చున్నీ తలకు చుట్టుకొని గౌరి కింద కూర్చుంది. మూడు రోజులు తన్నులు తిన్నది. నాలుగో రోజు బర్రె ఆ చున్నీ వాసన చూసి పాలు చేపింది. ఐదు నెలలు అట్లాగే నడిచింది. మణికట్లు వాచినా కూతురి ముందు కొంగు కప్పుకునేది...

సెంటర్‌లో ఒక పద్ధతి ఉంది. నేర్చుకున్న పాఠం ఇంట్లో ఒకరికి నేర్పాలి. నందిని తల్లిని కూర్చోబెట్టింది.

"అమ్మా, ఫోన్ల ఆరు అంకెలు వస్తయి. ఎవరడిగినా చెప్పొద్దు."

"బ్యాంకోళ్లడిగితే?"

"చెప్పొద్దు."

"మీ బాపు అడిగితే?"

"బాపుకు అడుగుడే రాదు!" అని నందిని నవ్వింది. "నవ్వులాట కాదమ్మా. ఇప్పుడు మనిషి గొంతు గూడ తయారు జేస్తున్నరు. మొఘల్‌పురల కిరాణా సీతారాం సేటుకు మేనల్లుని గొంతు తోటే ఫోనొచ్చింది. పాపం, నమ్మి అంకెలు చెప్పి పైసలన్నీ పోగొట్టుకున్నడు. నా గొంతు తోటి అడిగినా చెప్పకు. ఏడ్చినా చెప్పకు."

ఆండాలు ఆ పాఠం రోజూ అప్పజెప్పేది. పాలకొచ్చే ఆడవాళ్లకూ చెప్పేది.

ఆ మంగళవారం పరీక్ష అఫ్జల్‌గంజ్‌లో. పిల్లల ఫోన్లు గేటు దగ్గరే తీసి పెట్టుకున్నారు. కంప్యూటర్‌లో పేరు కొట్టగానే, సెంటర్‌లో చేరినప్పుడు ఇచ్చిన నెంబరుకు ఆరు అంకెలు వెళ్లాయి. అవి కొడితేనే ప్రశ్నలు తెరుచుకుంటాయి. దానికి పది నిమిషాల గడువు. చేరిన రోజు నందినికి సొంత ఫోన్ లేదు. ఫారంలో తల్లి నెంబరు రాసింది. తర్వాత ఫోన్ కొనుక్కుంది గానీ నెంబరు మార్చడం మరిచిపోయింది!

వెంట వచ్చిన సెంటర్ టీచర్ స్వరూప మేడం గది బయట నిలబడి ఉంది. నందిని బయటికి పరుగెత్తి ఆమె ఫోన్ తీసుకొని తల్లికి చేసింది.

"అమ్మా, నేను నందినిని. నీ ఫోన్ల ఆరు అంకెలు వచ్చినయి, జల్ది చెప్పు!"

ఆండాలు తెర మీది నెంబరు చూసింది. కూతురిది కాదు.

"నందిని పరీక్షల ఉన్నది. నువ్వెవతివే?"

"అమ్మా... నేనేనమ్మా! మన గౌరి మీద ఒట్టు!"

"మా గౌరి పేరు బస్తీకంతా ఎరికే!"

రెండోసారి స్వరూప మేడం మాట్లాడింది. "అమ్మా, నేను సెంటర్ మేడంని..."

"ఓహో, ఇద్దరు కలిసిన్రా!"

మూడోసారి నందిని ఏడ్చింది. మాట రాలేదు, ఏడుపొక్కటే వినిపించింది. ఆ ఏడుపు ఆండాలుకు తెలుసు... కొట్టం గుంజ పట్టుకుంది. అంకెలు తెర మీద కనిపిస్తూనే ఉన్నాయి. నాలుక చివరి దాకా వచ్చాయి. అప్పుడే కూతురి మాట గుర్తొచ్చింది. ఏడ్చినా చెప్పకు! గట్టిగా తిట్టి ఫోన్ ఆపేసింది.

మూడు గంటలకు నందిని ఇంటికి వచ్చింది. ఆండాలు గడపలోనే ఎదురెళ్లింది.

"వచ్చినవా బిడ్డా! ఇయ్యాల ఏమైందో తెలుసా? నువ్వు చెప్పినట్టే అచ్చం నీ గొంతు తోటి దొంగలు చేసిన్రు. మూడుసార్లు! నేను చెప్తనా? ఒక్క అంకె చెప్పలే!"

నందిని చెప్పులు విడిచి అరుగు మీద కూర్చుంది.

"అది నేనేనమ్మా."

ఆండాలు నవ్వబోయి ఆగిపోయింది. కూతురు తల దించుకొని జరిగిందంతా చెప్పింది. గడువు దాటింది, ప్రశ్నలు తెరుచుకోలేదు. మిగతా వాళ్లు రాస్తుంటే తను బయట బెంచీ మీద కూర్చుంది.

"అయ్యో... నేనేం జేసిన!" ఆండాలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నీ చున్నీ కట్టుకొని నేను బర్రెను మోసం జేస్తలేనా బిడ్డా... గట్లనే ఎవడో నీ గొంతు కట్టుకొని వచ్చిండనుకున్న! కన్నతల్లిని, బిడ్డ ఏడుపు గుర్తు పట్టకపోతినే!"

నందిని తలెత్తింది. చున్నీ సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది. తల్లి చేతులు పట్టుకొని కొంగు తొలగించి మణికట్లు చూసింది. ఇద్దరూ ఏడ్చారు... మైసయ్య వాకిట్లోకి వచ్చి, ఏమైందని అడిగి, విని, వెనక్కి వెళ్లిపోయాడు.

మర్నాడు ఆండాలు ఒక్కతే సెంటర్‌కు వెళ్లింది. స్వరూప మేడం కంప్యూటర్లను అట్టపెట్టెల్లో సర్దిస్తోంది.

"మేడం, తప్పు నాది. నా బిడ్డకు ఇంకొక్కపారి పెట్టుండ్రి. మీ కాళ్లు మొక్కుత!"

"అట్లనకండమ్మా. ఆసుపత్రికి లిస్టు రాత్రే పోయింది. ఫోన్ చేసి బతిమాలిన, వినలేదు. మాకు డబ్బిచ్చే సంస్థ గడువు ఈ బ్యాచ్‌తో అయిపోయింది. సెంటర్ మూస్తున్నం." ఆమె చేతిలోని టేపు కింద పెట్టింది. "నెంబర్లు సరిచూసుకున్నరా అని అందరినీ అడిగిన. నందినిని అడగలే. ఆమెకన్నీ వస్తయి కదా అనుకున్న. తప్పు నాది గూడ."

ఆండాలు మెట్లు దిగుతుంటే పైన టేపు చింపుతున్న చప్పుడు వినిపించింది.

సోమవారం పొద్దున సాయిప్రియ వచ్చింది. నందిని పక్క సీటులో కూర్చొని నేర్చుకున్న పిల్ల. మెడలో ఆసుపత్రి కార్డు ఉంది. గేటు దగ్గరే నిలబడి లోపలికి రావడానికి సందేహించింది.

"గట్ల నిలబడ్డవేందే, పెండ్లికూతురు లెక్క? రా!" అంది నందిని. ఆమె చేతులకు పేడ ఉంది.

"ఒక్క డౌట్ ఉన్నదే. ఒకే పేషెంట్ పేరు రెండుసార్లు పడితే ఎట్ల తీసెయ్యాలె? మస్తు భయమైతున్నది."

నందిని నేల మీద పుల్లతో గళ్లు గీసింది. ఏ వరుస పట్టాలో, ఎక్కడ నొక్కాలో, ఏది చెరిపితే తిరిగిరాదో చెప్పింది. రెండోసారి సాయిప్రియ చేత చెప్పించింది. "ఇగ ఫికర్ జెయ్యకు, పో. బస్సు పోతది."

ఆ పిల్ల సందు మలుపు తిరిగేదాకా నందిని చూసింది. తర్వాత చేతులు కడుక్కొని బకెట్ తీసుకొని గౌరి దగ్గరికి నడిచింది. ఆరు రోజులుగా అదే పని. ఈ ఆరు రోజుల్లో ఒక్క మాట విసురుగా అనలేదు. తల్లికి అన్నం పెట్టింది, మణికట్లకు నూనె రాసింది. అదే ఆండాలుకు తట్టుకోవడం కష్టంగా ఉంది...

"తిట్టరాదు బిడ్డా! ఒక్కపారి నన్ను నోరారా తిట్టు. నీ బతుకుల మన్ను వోసిన..."

నందిని పొదుగు కడుగుతూ ఆగింది.

"నా మాట ఒక్కటి తప్పినా తిడుదునమ్మా. నేను చెప్పింది చెప్పినట్టు విన్నది ఈ ఇంట్ల నువ్వొక్కదానివే. నిన్నెట్ల తిట్టాలె?"

ఆండాలు రెండో బకెట్ తీసుకొని పక్క బర్రె కింద కూర్చుంది.

మైసయ్య ఖాళీ క్యాన్లతో గేటు దగ్గరికి వచ్చాడు. ఇద్దరినీ చూసి క్యాన్లు చప్పుడు కాకుండా కింద పెట్టాడు. ఆ రోజు పాలు ఆలస్యమయ్యాయి. ఎందుకని ఆయన అడగలేదు.