కోరాపుట్ వద్దన్న మావయ్య

"మావయ్యా, తయారైనారా? ఎండెక్కితే టోటో రిక్షా వాళ్ళు రమ్మన్నా రారు!"

పప్పులో పోపు పెడుతూ శ్రీలేఖ వంటింట్లోంచే కేకేసింది. ముందు గదిలోంచి మాట రాలేదు. దగ్గు వచ్చింది. ఎవరికీ వినబడకూడదని నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని దగ్గే దగ్గు. ఆ తువ్వాలు మోసం ఇంట్లో అందరికీ తెలుసు. అందరికీ తెలిసిపోయిందన్న సంగతి పాపం ఆయనకింకా తెలియదు.

మార్చి సగం కూడా కాలేదు, అప్పుడే ఖరగ్‌పూర్ గాలి వేడెక్కిపోయింది. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్ల మధ్య వీధి చివర అమ్మవారి మాతా పూజకి పందిరి వేస్తున్నారు. ఆ గుంజలు పాతే మనుషులు పొద్దున్న ఎనిమిదింటికే చొక్కాలు విప్పేశారు. ఇక మే నెల సంగతి చెప్పాలా!

శ్రీలేఖకి మే నెల అంటేనే గుండె దడ. పోయిన మే నెలలోనే మావగారు అచ్యుతరావు పూరీ గేట్ బజార్లో వంకాయలు బేరమాడుతూనే కుప్పకూలిపోయారు. నలుగురు కలిసి మోసుకొచ్చారు. ఊళ్ళోనే ఇందా అనే పేటలో ప్రైవేటు డాక్టరు ఏమీ దాచకుండా చెప్పేశాడు. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయి, ఈ ఉక్కపోతలో ఇంకో వేసవి గడపడం ప్రాణానికే ముప్పు, కాస్త చల్లటి చోటు చూసుకోండి అన్నాడు.

చల్లటి చోటు! అనడానికి ఎంత తేలిక. బెంగళూరు అనుకున్నారు, అత్తగారు బాలాంబ తమ్ముడు అక్కడే ఉన్నాడు కదా అని. అక్కడి అద్దె విన్నాక మళ్ళీ ఎవరూ ఆ ఊరి పేరెత్తలేదు. విశాఖపట్నం అనుకున్నారు. సముద్రం పక్కన ఉక్క ఇక్కడికంటే తక్కువేం కాదు. విజయనగరం ఎండలు ఇక్కడి ఎండలకి తోడబుట్టినవే. చివరికి ఎవరో కోరాపుట్ మాట చెప్పారు. కొండ మీద ఊరు, మే నెలలో కూడా సాయంత్రమైతే దుప్పటి కావాలట. అద్దెలు మనలాంటివాళ్ళు ఇచ్చుకోగలిగినవి. కూరలు చవక. తెలుగువాళ్ళు బోలెడంతమంది. పైగా రైలు ఉంది. రైల్వే మనుషులకి రైలు లేని ఊరు ఊరిలాగే కనబడదు.

ఇక పెద్దాయన ఒప్పుకోవడమే తరువాయి. అక్కడే వచ్చింది తంటా.

"కోరాపుట్టా? దుంపలు తప్ప అక్కడేటి దొరుకుతాది?" అన్నారు మొదట. దుంపలొక్కటే కాదని చెబితే, "సలికి నా కీళ్ళు పట్టీస్తాయి" అన్నారు. కుంపటి పెట్టుకుందామంటే, "ఒడియా మాటాడాల, నా వల్ల కాదు" అన్నారు. ఒడియా ఆయనకి నీళ్ళు తాగినట్టు వచ్చు. ఇలాంటి మనిషితో ఎలా వేగడం?

అసలు బరువు పడేది శ్రీలేఖ భర్త వేణుగోపాల్ మీద. తండ్రి రిటైరైన రైల్వే ఆఫీసులోనే అతను ఉద్యోగి, క్వార్టరు అతని పేరు మీదే ఉంది. కోరాపుట్ వెళ్ళాలంటే అతను బదిలీ అడగాలి. రైల్వేలో మనంతట మనం అడిగి బదిలీ పుచ్చుకుంటే సీనియారిటీ మొత్తం పోతుంది. హోదా దిగి, కొత్త ఆఫీసులో అందరికంటే ఆఖరున, మొన్న చేరిన కుర్రాళ్ళ కింద నిలబడాలి. త్వరలో రావలసిన ప్రమోషను ఇక రాదు. వేణుగోపాల్ అన్నీ తెలిసే సరేనన్నాడు. శ్రీలేఖ కూడా తన తెలుగు బడి టీచరు ఉద్యోగానికి నీళ్ళొదులుకోవడానికి సిద్ధపడింది. పెద్దాయనకి ఊరు మార్చడం అవసరమని రైల్వే డాక్టరు ఒక్క ముక్క రాసిస్తే ఎండలు ముదరకముందే బదిలీ అయిపోతుంది. ఆ ముక్క కోసమే ఇవాళ్టి ఆసుపత్రి ప్రయాణం.

ఆసుపత్రిలో డాక్టరమ్మ బెంగాలీ మనిషి, ఊపిరి తీసుకోడానికి కష్టంగా ఉందా తాతా అని నవ్వుతూ తన భాషలో అడిగింది. "కీ దాదూ, నిశ్శాస్ నితే కష్టో హొచ్ఛే?"

"నా నా! ఏక్‌దం భాలో ఆఛి" అన్నారు అచ్యుతరావు, నిక్షేపంగా ఉన్నానని రొమ్ము విరుచుకుని.

శ్రీలేఖ నోరు తెరిచింది. రాత్రంతా దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చున్న మనిషి ఈయనేనా?

"అబద్ధం మేడమ్! నాలుగడుగులేస్తే ఆయాసం. స్నానం చేసి వస్తే అరగంట మాట రాదు" అని గబగబా హిందీలో చెప్పింది. డాక్టరమ్మ గుండెల మీద గొట్టం పెట్టి విని, కనుబొమలు ముడిచింది. పక్క గదిలో ఒక మిషను ఉంది, అందులో ఊదితే ఊపిరి ఎంతుందో తేలిపోతుంది, ఊదండి అంది. అచ్యుతరావు చటుక్కున లేచి నిలబడ్డారు.

"నేనూదను. నాకు ఏ రోగం నేదు. ఈ ఊరొదిలి ఎక్కడికీ రాను. ఠీక్ హై?"

చెప్పులేసుకుని బయటికి నడిచారు. ఆయన ఊదకపోతే నేనేం రాయను, సాయంత్రం ఆరుదాకా ఉంటాను, నచ్చజెప్పి తీసుకురా అంది డాక్టరమ్మ. శ్రీలేఖ ఆవిడ ముందు తలెత్తుకోలేకపోయింది.

ఇద్దరూ టోటోలో తిరిగొచ్చారు. వీధి చివర పందిరి అడ్డం ఉండటంతో అక్కడే దిగి నడవాల్సి వచ్చింది. పది గజాలు నడిచారో లేదో, పెద్దాయన ఒక క్వార్టరు ప్రహరీ పట్టుకుని ఆగిపోయారు. పెదవులు నల్లబడ్డాయి. మెడ దగ్గర నరాలు తాళ్ళలా పొంగాయి. శ్రీలేఖ చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నారు. ఆ గోడ మీద ఏదో చూస్తున్నట్టు నటించారు. గోడ మీద చూడ్డానికి ఏముంది, నాచు తప్ప!

ఇంటికి చేరాక ఇక ఆగలేకపోయింది శ్రీలేఖ. సంచి బల్ల మీద విసిరికొట్టింది.

"మీకేటి కావాలి మావయ్యా? మా మీద కక్షా? మీ అబ్బాయి ఇన్నేళ్ళ సర్వీసు మీ కోసం మట్టిలో పోసుకోడానికి సిద్ధపడితే, మీరు డాక్టరమ్మ ముందు నాటకాలాడతారా?"

"పోసుకోమని నేను సెప్పినానా?" అన్నారు ఆయన, మంచం మీద కూర్చుని, ఒక్కో మాటకీ ఊపిరి వెతుక్కుంటూ.

"శ్రీలేఖా, ఊరుకోమ్మా" అంది బాలాంబ, మంచినీళ్ళ గ్లాసుతో వచ్చి.

"ఊరుకోను అత్తయ్యా! ఎన్నాళ్ళూరుకోమంటారు? ఆ ఊరికి వంక, ఈ ఊరికి వంక. మీకు మీ పేకాట సావాసగాళ్ళు కావాలి, పూరీ గేట్ వంకాయలు కావాలి. మేవేమైపోయినా ఫర్లేదు. రేపు మే నెలలో మీకేదైనా అయితే ఊరంతా ఏటంటాది? కొడుకూ కోడలూ కలిసి సంపీసినారంటాది. ఆ మాట మా నెత్తిన పెట్టి పోదామనా మీ ఉద్దేశం?"

అనేసింది. అన్నాక ఆ మాట తనకే చేదుగా తగిలింది. బాలాంబ గ్లాసు బల్ల మీద పెట్టింది. అచ్యుతరావు కోడలి మొహంలోకి చూడలేదు. 

"సెప్పీండి" అంది బాలాంబ భర్తతో, మెల్లిగా. "ఇన్నాళ్ళు మింగినారు. పిల్లకి సెప్పీండి. నేకపోతే మిమ్మల్ని దుర్మార్గుడనుకుంటాది."

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు.

"నా ఉద్యోగం మొదలు ఇక్కడ కాదమ్మా. వాల్తేరు. సముద్రం కనబడే గదిలో ఉండీవోణ్ణి. పనిలో నాకంటే సురుకైనోడు ఆ సెక్షన్లో నేడు. అప్పుడే ఇక్కడ మా నాన్నకి పక్షవాతం వచ్చీసింది. మా నాన్న అప్పలకొండ, ఇక్కడి వర్క్‌షాప్ మనిషి. ఒక్కడే కొడుకుని. అడిగి బదిలీ పుచ్చుకుని వచ్చీసినాను."

శ్రీలేఖకి ఈ సంగతి తెలియదు. మావగారు మొదటినుంచీ ఖరగ్‌పూర్‌లోనే చేశారనుకుంది ఇన్నేళ్ళూ.

"అందరికింద నిలబెట్టినారు. హెన్రీ అని ఒక కుర్రోడు, వాడికి ఫైలెలా కట్టాలో నేనే నేర్పినాను. వాడు నా మీద ఆఫీసరైనాడు. 'రావ్, ఆ ఫైల్ పట్రా' అంటే పట్టుకెళ్ళినాను. రిటైరయ్యేదాకా పట్టుకెళ్ళినాను. ఇంటికొచ్చి మా నాన్నకి నీళ్ళు పోసినాను, ముద్దలు తినిపించినాను. మంచి కొడుకని ఊరంతా మెచ్చుకున్నాది. ఏటి మంచి? ఒక్కనాడు ఆయన మొహం సూసి ముద్ద పెట్టనేదమ్మా. ఈ మనిషి వల్లే కదా నా బతుకిలాగైపోయిందనీసి... నోటితో ఒక్క మాటన్నేదు. అంతా లోపలే."

దగ్గు తెర వచ్చింది. ఈసారి తువ్వాలు అడ్డం పెట్టుకోలేదు.

"ఆయనకి తెల్సు. ఆఖర్న నా సెయ్యట్టుకుని, 'నీ బతుకు నేను తినీసినాన్రా' అన్నాడు. కాదు నాన్నా అనాల కదా? నోరు రానేదు. ఆయన పోయిన్నాడు అందరూ ఏడిసినారు. నాకు ఏడుపు రానేదమ్మా. హమ్మయ్య అనిపించింది. కన్నతండ్రి పోతే హమ్మయ్య అనుకున్నాను నేను!" ఆయన తువ్వాలు పక్కన పడేశారు. "నా కొడుకు నన్నలాగ సూడకూడదు. ఈ ఎండకి పోతే పోతాను. నేను పోయిన్నాడు వాడు ఏడవాల. నాకింకేటీ వద్దు."

 శ్రీలేఖకి తను అన్న మాటలన్నీ ఒక్కొక్కటే వెనక్కొచ్చి మొహాన కొడుతున్నట్టుంది. దుంపలని, కీళ్ళని, ఒడియా అని ఆ మనిషి వెతికిన వంకలన్నీ ఇందుకా! కోపం వచ్చినంత తొందరగానే కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. వంగి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుండిపోయింది.

గుమ్మం దగ్గర చప్పుడైంది. వేణుగోపాల్. మధ్యాహ్నం భోజనానికి వచ్చినవాడు ఎప్పటినుంచి నిలబడ్డాడో ఏమో, చెప్పులు కూడా విప్పలేదు. మొహం చూస్తే అంతా విన్నాడని తెలుస్తోంది.

"తాతని నువ్వెప్పుడైనా తిట్టినావా నాన్నా?" అన్నాడు.

"ఛ! నాన్నని తిడతారేటి?"

"తిట్టుంటే బాగుండీది. ఇద్దరికీ బాగుండీది." వేణుగోపాల్ లోపలికొచ్చి తండ్రి ఎదురుగా నిలబడ్డాడు. "నాకు కోపం రాదని నేను మాటివ్వలేను. వస్తాది. కుర్రోడెవడో నన్ను ఫైలు పట్రమ్మన్న రోజు తప్పకుండా వస్తాది. వచ్చిన్నాడు తిన్నగా ఇంటికొచ్చి నీ మొహమ్మీదే అరుస్తాను. అరిసి, సల్లబడి, నీ పక్కనే కూకుని అన్నం తింటాను. లోపలెట్టుకోను. కానీ ఆ తిట్లు పడ్డానికి నువ్వుండాల కదా? నువ్వే నేకపోతే నేనెవర్ని తిట్టాల?"

అచ్యుతరావు కొడుకు వంక తెల్లబోయి చూశారు.

"ఇప్పుడే మొదలెడతాను, ఇను. డాక్టరమ్మ ముందర అబద్ధమాడి పారిపోయి వస్తావా? సిగ్గు నేదా నీకు? నువ్వు సచ్చిపోతే నేనేడుస్తానో నేదో సూడ్డానికి సచ్చిపోతావా? ఇదేటి తెలివి? గోడవతల నువ్వు దగ్గుతుంటే నేను నిద్దరోతున్నాననుకున్నావా? ఆ దగ్గెప్పుడాగిపోతాదో, ఆగితే ఇక నువ్వుండవేమోనని, దుప్పటి నోట్లో కుక్కుకుని పడుకుంటున్నాను! నా ఏడుపు నీకు కావాలా? రోజూ ఏడుస్తున్నాను!"

గొంతు పెరిగిపోయింది. ఆ ఇంట్లో కొడుకు తండ్రి మీద గొంతెత్తడం అదే మొదలు. పక్క క్వార్టరు ఏంజలిన్ కంగారుగా కిటికీ తెర తీసి చూసింది. శ్రీలేఖ భయపడి భర్తని ఆపబోయింది. బాలాంబ కోడలి మోచెయ్యి పట్టుకుని ఆపేసింది. "అననీమ్మా" అంది కళ్ళొత్తుకుంటూ. "పూర్తిగా అననీ."

వేణుగోపాల్ అన్నాడు. పూరీ గేట్ దగ్గర పడిపోయిన రోజు ఆఫీసు నుంచి ఎలా పరిగెత్తాడో అన్నాడు. మాత్రలు దిండు కింద దాచేయడం గురించి అన్నాడు. చిన్నప్పుడు స్కూలు ఫంక్షనుకి రాలేదన్న పాత గొడవ కూడా మధ్యలో ఎక్కడినుంచో లాక్కొచ్చాడు. అచ్యుతరావు తలొంచుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని అన్నీ విన్నారు. గడ్డం మీంచి కన్నీళ్ళు జారిపోతున్నాయి, తుడుచుకోలేదు.  ఆ తిట్లలో ఒక్కటి కూడా పోనివ్వకూడదన్నట్టు చెవులు రిక్కించుకుని విన్నారు.

చివరికి కొడుకు ఊపిరి తీసుకోడానికి ఆగినప్పుడు మెల్లిగా తలెత్తారు.

"అయిపోనాదా?"

"ఇంకా ఉన్నాది!"

"ఉంటే మిగిలింది కోరాపుట్‌లో తిట్టరా, నాయనా" అన్నారు అచ్యుతరావు, రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని. "ఇప్పుడు నా వల్ల కాదు. ఆయాసంగా ఉన్నాది."

ఆయాసం అన్న మాట ఆయన నోట ఆ ఇంట్లో ఎవరూ ఇంతవరకూ వినలేదు. వేణుగోపాల్ నేల మీద కూలబడి, తండ్రి మోకాళ్ళ మీద మొహం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆయన కొడుకు తల నిమురుతూ ఉండిపోయారు. శ్రీలేఖ పమిటతో కళ్ళు తుడుచుకుని, డాక్టరమ్మ ఆరుదాకా ఉంటుందన్నది గుర్తొచ్చి, టోటో పిలవడానికి ఎండలోకి పరుగెత్తింది.