గోడ అవతలి మర

నాంచారమ్మ చేట ఒళ్లో పెట్టుకుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. మణికట్టుకున్న పట్టీ మాట్లాడింది.

"హృదయ విద్యుత్తు తగ్గుతోంది. రేపు సాయంత్రం వరకే సరిపోతుంది."

"పొద్దుట్నుంచీ అదే పాట. నోరు ముయ్యవే," అంది ఆమె.

అది 2068. గుండెలో అమర్చే పేస్‌మేకర్లకు అప్పటికి బ్యాటరీలు లేవు. వాటిలోని గోరంత కంపనగ్రాహకం చుట్టూ ఉన్న అదురును పట్టి విద్యుత్తుగా మార్చేది. అమర్చిన కొత్తలో, మనిషి బతికే చోట రోజూ వచ్చే అదురేదో వెతుక్కుని, దానికే శ్రుతి కలుపుకుని స్థిరపడిపోయేది. ఆ తర్వాత మార్చాలంటే ఛాతీ మళ్లీ కోయాలి. నాంచారమ్మ ఇంకో కోతకు తట్టుకోదు.

ఆ పేస్‌మేకర్‌ను తయారుచేసిన డాక్టర్ షబానా, అలాంటి అదురు పుట్టించాలని నేలమీద పెట్టిన మోటారును ఆపేసింది.

"ఇదీ పట్టుకోవడం లేదు పెద్దమ్మా. మీ గ్రాహకం నేర్చుకున్న లయలో ప్రతి నాలుగో దెబ్బా కుంటుతుంది. మోటారుతో ఆ కుంటు రావడం లేదు. అలాంటిది ఇక్కడ ఏముండేది?"

కూతురు మంగతాయి గోడవైపు చూసింది. "ధనమ్మ పిన్ని కారం మర. నాలుగు రోకళ్లలో ఒకటి అరిగిపోయింది."

గోడ అవతల ఉండేది నాంచారమ్మ తోడికోడలు ధనమ్మ. ఊరందరికీ కారం దంచేది. "గుండెజబ్బు మనిషిని, ఈ మోత నన్ను చంపుతుంది" అని పంచాయతీలో అర్జీ పెట్టి, ఆ మరను ఆపించింది నాంచారమ్మే. ఇప్పుడు నాంచారమ్మ తన కాయల్ని దంచడానికి పక్కూరికి పంపుతోంది.

"అమ్మా, ఒక్క మాట అడుగు. నువ్వడిగితే తిప్పుతుంది."

"దాని గడప తొక్కి ప్రాణం అడుక్కోనా? ఇన్నాళ్లూ దాని మోతతోనే బతికానని తెలిస్తే ఊరంతా చెప్పుకుని నవ్వుతుంది. చస్తే చస్తాను."

"నవ్వనీ అమ్మా!" మంగతాయి ఏడ్చేసింది. "నవ్వితే నవ్వనీ!"

"దానికి తెలియకూడదు. నా మీద ఒట్టే."

షబానా గుమ్మంవైపు చూస్తూ నిలబడిపోయింది. అక్కడ ధనమ్మ ఉంది. నాంచారమ్మకు ఒంట్లో బాగాలేదని విని, చేతిలో మూత పెట్టిన జావ గ్లాసుతో వచ్చింది. ఆ మాటలన్నీ ఆమె చెవిన పడ్డాయి.

నాంచారమ్మ ఆమెను చూసింది. తల వంచుకుని ఇంకో మిరపకాయ తీసుకుంది.

నాంచారమ్మ అడిగే ఒక్క మాట కోసమన్నట్టు ధనమ్మ ఆగింది. పట్టీ మళ్లీ అదే చెప్పింది. తొడిమ తెగిన చప్పుడు వినిపించింది.

ధనమ్మ గ్లాసును గట్టుమీద పెట్టింది. మూత సరిచేసింది. ఇంట్లోంచి వెళ్లిపోయింది.