కొంగున కట్టిన పన్ను

వ్యాను అడవి గేటు దాటకముందే కనీనికి పన్ను ఊడింది. పైవరసలో ముందుపన్ను. కొన్నాళ్ళుగా ఊగుతూనే ఉంది, ఉడికించిన మొక్కజొన్న కంకి కొరకగానే కంకిలోనే ఉండిపోయింది. ఏడుస్తుందేమో అనుకుంటే ఆ పిల్ల పకపకా నవ్వి, ఆ సందులోంచి నాలుక బయటపెట్టి అన్న ముసెంబిని వెక్కిరించింది. వాడు తొర్రిదానా అన్నాడు. తల్లి కటుంగె ఆ పన్ను తుడిచి, భుజాన కప్పుకున్న లేసో గుడ్డ కొంగున ముడివేసింది. ఇంటికెళ్ళాక పైకప్పు మీదికి విసురుదువుగానిలే అంది.

వ్యాను నడుపుతున్నది ఆమె అన్న మున్యోకి. ఎక్కడెక్కడి దొరల్నో త్సావో అడవిలో తిప్పి ఏనుగుల్నీ సింహాల్నీ చూపించడం అతని పని. ఇప్పుడు దొరలు వచ్చే కాలం కాదు, వ్యాను ఖాళీ. పిల్లల్ని తిప్పుకొస్తానని అతనే నోరు తెరిచి అడిగాడు. అడవి కంచె పక్కనే పుట్టిన పిల్లలు వాళ్ళు. ఏనుగంటే చేలో పడి మొక్కజొన్న తొక్కే శని అనే తెలుసు. డబ్బాలు వాయించి తరమడమే తప్ప తీరిగ్గా కూర్చుని చూసింది లేదు. మన చేను తిన్నదాన్నే విమానమెక్కి వచ్చి చూసి మురిసిపోతారు వాళ్ళు, మనమూ ఓసారి మురిసిపోదాం పద అన్నాడు మున్యోకి. కటుంగెకు నవ్వొచ్చింది. వావిన్య పోయాక అన్న నోట సరదా మాట వినడం అదే మొదలు.

వావిన్య అతని కూతురు. కనీని అంత ఉన్నప్పుడు తండ్రితో ఇలాగే వ్యానులో వచ్చింది. ఇసుకవాగు దగ్గర దిగింది. అంతే, మళ్ళీ కనబడలేదు. ఊరు ఊరంతా వెతికినా చెప్పు కూడా దొరకలేదు. ఏడవాలో ఎదురుచూడాలో తెలియక అతని భార్య పుట్టింటికి వెళ్ళిపోయింది. కటుంగె మాత్రం అన్నను వదల్లేదు. చిన్నప్పుడు వాగు పొంగితే తనను వీపున వేసుకుని బడికి దాటించిన అన్న! ఇంట్లో ఏం వండినా ముందు అతనికి ఓ గిన్నె పంపాకే తను తినేది.

గేటు దగ్గర యూనిఫాం మనిషి వ్యానులోకి తొంగిచూశాడు. అతనూ తమ కంబా తెగవాడే కాబట్టి పిల్లలెంతమందని అడగలేదు. అడిగే మూర్ఖుడు ఆ చుట్టుపక్కల పుట్టలేదు. పశువుల్నీ పిల్లల్నీ వేలు పెట్టి లెక్కపెడితే వినకూడనివాళ్ళు వింటారు, విన్నాక ఊరుకోరు. ముసెంబి, మ్వికాలి, కనీని, వీళ్ళను కన్న తల్లి అయ్యుండి కటుంగె ఏనాడూ ముగ్గురు అని పైకి అనలేదు. సాయంత్రం పేర్లు పెట్టి పిలుస్తుంది, పలికే గొంతులు చాలు ఆమెకు. గేటు మనిషి కళ్ళతోనే చూసుకుని కాగితం మీద ఏదో గీశాడు. గేటు మూసేలోగా బయటికి రండని పంపేశాడు.

పగలంతా పండగే అనుకోండి. వ్యాను పైకప్పు ఎత్తి పెడితే పిల్లలు సీట్ల మీద నిలబడి తలలు బయటపెట్టారు. ఎర్రమట్టి పోసుకున్న ఏనుగుల్ని చూసి ముసెంబి, మన చేను తొక్కిన దొంగది అదిగో, చెవి చిరిగి ఉంది చూడమని గోల చేశాడు. నడిపిల్ల మ్వికాలి జిరాఫీని చూసినంతసేపూ నోరు తెరుచుకునే ఉంది. ఈగ దూరుతుందే అని తల్లి అంటే మూసింది. మధ్యాహ్నం ఫ్లాస్కులో టీ, చపాతీలు, చిక్కుడుగింజల కూర. మున్యోకి ఏమీ తినలేదు. మాటిమాటికీ అద్దంలో వెనక సీట్ల వైపు చూస్తున్నాడు. పాపం, కూతురు గుర్తొచ్చిందేమోలే అనుకుంది కటుంగె.

ఎండ చల్లబడ్డాక అతను దారి మళ్ళించాడు.

అటు టైర్ల జాడ లేదు. ముళ్ళకంపలు వ్యానును రెండువైపులా గీరుతున్నాయి. దారి పోయి పోయి ఇసుకవాగు ఒడ్డున ఆగింది. నీళ్ళు లేవు. ఇసుకలో ఏనుగులు తొండాలతో తవ్విన గుంటలున్నాయి, అడుగున కాస్త తడి మెరుస్తోంది. ఈ చోటు కటుంగెకు తెలుసు. వావిన్య కోసం గొంతు పోయేలా అరుస్తూ తిరిగింది ఇక్కడే.

"ఇక్కడికెందుకు తెచ్చావన్నా?" అంది, పిల్లలకు వినబడకుండా.

అతను ఇంజను ఆపేశాడు.

అప్పటిదాకా ఒకటే గోల పెట్టిన గువ్వలు టక్కున ఆగిపోయాయి. ఆకు కదలడం లేదు. తడి ఇసుక వాసన, పేడ వాసన... వాటి మధ్య ఇంకో వాసన వచ్చింది. స్నానం చేయించాక పిల్లలకు రాసే వాజలీను వాసన. అడవి మధ్యలో అదేమిటో ఆమెకు అర్థం కాలేదు. పొద్దున్న హడావుడిలో తన పిల్లలకు అది రాయనేలేదు.

మున్యోకి వెనక్కి తిరిగాడు. కుడిచెయ్యి ఎత్తి వేలు చాపాడు.

"ఒకటి," అన్నాడు.

వేలు చూపిస్తున్నది వెనక కిటికీ పక్క సీటును. అందులో ఎవరూ లేరు.

అన్నా, వద్దు అనబోయింది కటుంగె. అతను ఆగలేదు.

"రెండు." వేలు ముసెంబి మీద ఉంది.

"మూడు." మ్వికాలి మీదికి వచ్చింది.

అక్కడ ఆగింది. కనీని వైపు వెళ్ళలేదు. అతను మెల్లగా చెయ్యి దించేసుకున్నాడు.

వ్యాను పక్కతలుపు జరిగిన చప్పుడు... కొంచెమే. మళ్ళీ మూసుకున్న చప్పుడు. అంతలో ఇంజను గర్జించింది, వ్యాను ఒక్క ఊపున వెనక్కి దూకింది, దుమ్ము లోపలికి కమ్మింది. కటుంగె ముందు సీటు మీంచి వెనక్కి వాలి గుడ్డిగా చేతులు చాపింది. చిన్న చెయ్యి ఒకటి దొరికింది. లాక్కుంది. పిల్లను ఒళ్ళో వేసుకుని, లేసో నిండా కప్పి, రెండు చేతులా బిగించి పట్టుకుంది. దొరికింది, నా తల్లి దొరికింది, ఇంక ఎవడు లాక్కుంటాడో చూస్తాను అనుకుంది.

అన్నను తిట్టాలనుంది. తిడితే దారితప్పిస్తాడేమోనని నోరు నొక్కుకుంది. అతను మాత్రం ఏడుస్తూ నడుపుతున్నాడు. చెంపల మీద దుమ్ము చారలు కట్టింది. ఒళ్ళో పిల్ల కిక్కురుమనకుండా ఆమె రొమ్ముకు ముఖం ఆనించుకుంది. భయపడిందేమో, ఒళ్ళంతా చల్లగా ఉంది. గేటు మనిషి టార్చి వేసి లోపలికి చూశాడు. తల ఊపాడు. వెనక గేటు మూసి, గొలుసు వేసిన చప్పుడు వినబడ్డాక కటుంగె మనసారా ఊపిరి పీల్చుకుంది.

ఆ ఊపిరిలో వాజలీను వాసన వచ్చింది.

లేసో కింద పిల్ల కదిలింది. ఆమె చెవి దగ్గరికి నోరు తెచ్చింది.

"అత్తా... ఇల్లు ఇంకా ఎంత దూరం?"

కటుంగె వేలితో పిల్ల పెదవి పైకెత్తి తడిమింది. పళ్ళు వరసగా ఉన్నాయి. ఎక్కడా సందు లేదు.

"వెనక్కి తిప్పు," అంది. "అన్నా, నీ కాళ్ళు పట్టుకుంటా. నా పిల్ల ఏది?"

"నీ ఒళ్ళోనే ఉందిగా చెల్లీ," అన్నాడతను, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

ఆమె అతని భుజాన్ని గోళ్ళతో రక్కింది. నిన్ను నమ్మానురా, నీకు పెట్టాకే తిన్నానురా అని ఏడ్చింది. అతను వ్యాను ఆపలేదు. ఇంటి ముందు ఆగాక ఒక్క మాట అన్నాడు.

"మన ఇంట్లోనే పెరుగుతుంది. అంతే చాలు నాకు."

మర్నాడు పోలీసులు వచ్చారు, ఊరివాళ్ళు పోగయ్యారు. వచ్చినవాళ్ళకు గుమ్మంలో కనీని కనబడింది. అదే ముఖం, అదే గౌను. ఇంట్లో ఆడుకుంటున్న పిల్లను అడవిలో వెతకమంటే ఎవరు వెతుకుతారు? పన్ను సంగతి చెబితే, మళ్ళీ మొలిచి ఉంటుందిలే అన్నారు. ఒక్క పూటలోనా అని అడిగితే, పక్కింటి ముసలమ్మ ఆమెను పక్కకు తీసుకెళ్ళి నీళ్ళు తాగించింది. కటుంగె ఒక్కతే కంచె దూరి వాగుదాకా వెళ్ళింది. పొద్దుగూకేదాకా పేరు పెట్టి పిలిచింది. గొంతేదీ పలకలేదు.

మున్యోకి ప్రతి ఆదివారం వస్తాడు. చెరుకుముక్కలు తెస్తాడు. నలుగురిలో ఆ పిల్ల అతన్ని మావయ్యా అనే పిలుస్తుంది. మ్వికాలి మాత్రం చెల్లెలి పక్కన పడుకోనంటుంది, ఎందుకే అంటే చెప్పదు. కటుంగె ఇప్పుడు అన్నకు గిన్నె పంపడం లేదు. సాయంత్రాలు పేర్లు పిలవడమూ మానేసింది. కనీని అని పిలిస్తే పలికే గొంతును ఆమె వినలేకపోతోంది.

ఆ పన్నును ఆమె కప్పు మీదికి విసరలేదు. ముడి విప్పలేదు. లేసోను ఉతకడానికి కూడా ఇవ్వకుండా పెట్టెలో దాచి తాళం వేసింది, తాళంచెవి మెడలో కట్టుకుంది. వానలు వచ్చి వెళ్ళాయి. మొక్కజొన్న కోతకు వచ్చిన నాడు, తట్టుకోలేక, పెట్టె తీసింది. ముడి తను వేసింది వేసినట్టే బిగుసుకుని ఉంది. పంటితో లాగి విప్పింది.

లోపల ఊడిన పళ్ళు రెండున్నాయి. ఒకటి ఎండిపోయి ఉంది. రెండోది తడిగా ఉంది, దానికి వాగు ఇసుక అంటుకుని ఉంది.