అత్తగారి వంగమడి

ఆ ఉదయం కుళాయి దారంలా కాసేపు కారి ఆగిపోయింది. కోడలు బిందెలన్నీ వంటింటి గోడవారకు చేర్చి, మూతలు పెట్టి, కుట్టుమిషను ముందు కూర్చుంది. ఆ వీధిలో ఎవరి బట్టలు కుట్టాలన్నా ఆ చేతులే. కిటికీలోంచి వచ్చే గాలి పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చినట్టుంది. ఎండంటే అలాంటి ఎండ. కాకులు కూడా నోళ్ళు తెరుచుకుని గోడ నీడన చేరాయి.

మామగారు స్నానాల గదిలోంచి బయటికొచ్చారు. లోపలికి వెళ్ళడమే ఆలస్యం, వచ్చేశారు.

“అదేంటి మామయ్యగారూ, బకెట్ చప్పుడే వినపడలేదు.”

“నీళ్ళ కరువులో చప్పుడు చేస్తూ స్నానమేంటమ్మా. కాకి స్నానం చాలు.”

“కాకులు నయం. మీ తువ్వాలు తడవనే లేదు.”

ఆయన నవ్వేసి, ఎండ గురించి ఏదో ఎత్తుకున్నారు. బస్సులు నడిపి రిటైరైన మనిషి, మాటను మలుపు తిప్పడం ఆయనకో లెక్కా!

పెరట్లో ఆయన భార్య పెంచిన తోట ఉంది. వంగ, టమాటా, మిరప మడులు, గోడవైపు పందిరి మీద సొరపాదు. వేసవి ముదరకముందే, వంగనారు నాటిన వారంలోనే ఆవిడ కన్నుమూసింది. ఉన్నన్నాళ్ళూ ఆ మడుల్లో మరొకరిని కాలు పెట్టనిచ్చేది కాదు. నీళ్ళు పోసినా ఆవిడే, కలుపు తీసినా ఆవిడే. అందుకే ఆ ఇంట్లో కాయ కోసుకోవడం అందరికీ వచ్చు, మొక్కను చూసుకోవడం ఒక్కరికీ రాదు.

ఆవిడ పోయాక కొడుకు ఓ మాట గట్టిగా చెప్పేశాడు. అతను కరెంటు పనివాడు. పనికి వెళ్తూ గుమ్మంలో వంగి బూట్ల తాళ్ళు కట్టుకుంటూ, “తాగడానికే నీళ్ళు లేవు. పెరట్లో చెంబెడు కూడా పొయ్యొద్దు. పోయేవి పోతాయి,” అన్నాడు. తల మాత్రం ఎత్తలేదు. తండ్రి మారు పలకలేదు, పెళ్ళామూ పలకలేదు. ఆనాటి నుంచి ఆ ఇంట్లో తోట ఊసు లేదు. తోటతో పాటు ఆవిడ ఊసూ లేదు. ఎవరెత్తితే ఎవరేడుస్తారోనని ముగ్గురూ నోళ్ళకు తాళాలు వేసుకున్నారు. తాళం వేసినంత మాత్రాన లోపలున్నది ఎక్కడికి పోతుంది?

పొద్దెక్కాక పెరట్లోకి వెళ్ళిన మామగారు తిరిగొచ్చి గుమ్మం పట్టుకుని నిలబడ్డారు.

“ఏమ్మా, ఆ మిషను మీద నుంచి లేస్తే కదా పెరట్లో ఏం చస్తోందో తెలిసేది. వంగమొక్కలన్నీ పసుపెక్కి వాలిపోయాయి. కూరలు కడిగిన నీళ్ళన్నా వాటి మొదట్లో పారబోయలేకపోయావా?”

మిషను ఆగింది. “నన్నేనా అంటున్నది?”

“ఇంకెవర్ననాలి? మీ అత్త చేత్తో పెట్టిన ఆఖరి మొక్కలవి. నిలువునా ఎండబెట్టారు మొగుడూ పెళ్ళాలు.”

గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. ఆమె కళ్ళు నిండాయి గానీ, మాట మింగే రకం కాదు. “పొయ్యొద్దన్నది మీ అబ్బాయి. విని ఊరుకున్నది మీరు. మధ్యలో నేనా పాపిష్టిదాన్ని?”

సెలవు రోజు కావడంతో కొడుకు ఇంట్లోనే ఉన్నాడు. “మళ్ళీ నా మీదకెందుకొస్తారు?” అంటూ లేచి వచ్చాడు.

“నువ్వే కదరా పోయేవి పోతాయన్నావు. మీ అమ్మ కూడా పోయేదే కాబట్టి పోయిందనుకున్నావా?”

పెదవి దాటిన మాట పృథివి దాటుతుందంటారు. ఈ మాట అంత దూరం పోనక్కర్లేకపోయింది, ఎదురుగా ఉన్నవాడి గుండెల్లోనే దిగింది. అతను పెరట్లోకి నడిచాడు. వెనకాలే ఇద్దరూ.

“రోజూ చూసి ఏడవడమెందుకు, పీకేస్తే పోతుంది,” అని ఓ వంగమొక్క మొదలు పట్టుకుని లాగాడు.

బలం పెట్టకుండానే వచ్చేసింది. పైన మట్టి పెళుసుగా విరిగింది. వేళ్ళకు మాత్రం నల్లటి బురద, గుప్పున కుళ్ళు వాసన. పక్కదీ లాగాడు. అదీ అంతే.

“ఇది ఎండలేదు నాన్నా. కుళ్ళింది.”

“ఇంత కరువులో కుళ్ళడమేంటిరా?”

“నీళ్ళెక్కువై.”

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు కోడలే నోరు విప్పింది. “మధ్యాహ్నం మీరు కునుకు తీసేటప్పుడు బియ్యం కడిగినవీ, గిన్నెలు తొలిచినవీ పోస్తున్నాను. ఆకులు వేలాడేస్తుంటే చూడలేకపోయాను.”

“నేను తెల్లవారగానే పోస్తున్నానే,” అన్నారు మామగారు మెల్లిగా. “నా స్నానానికి పట్టుకున్న నీళ్ళు.”

కొడుకు మట్టిలోకి చూస్తూ నిలబడ్డాడు. “పని చేసే చోట బోరుంది. సాయంత్రం డబ్బాలు నింపుకుని వెనక సందులోంచి వచ్చి పోసేవాణ్ణి.”

“పొయ్యొద్దన్నవాడివి నువ్వే కదరా?”

“మీరిద్దరూ ఒంటికీ నోటికీ నీళ్ళు మానుకుని దీనికి పోస్తారనే భయంతో అలా అన్నాను. నేను మోసుకొస్తే చాలనుకున్నాను.”

మంది ఎక్కువైతే మజ్జిగ పలచన. వీధి వీధంతా నెర్రెలిచ్చిన వేళ ఆ పెరట్లో మొక్కలు మునిగి చనిపోయాయి. ఒకరు పోసిన నీళ్ళ తడిని ఎండ పైపైన పీల్చేస్తే, వెనకొచ్చిన మనిషికి పొడి మట్టే కనిపించేది. ఆకు వాలితే దాహమనుకున్నారు. అడుగున వేళ్ళకు ఊపిరాడటం లేదని ఎవరికి తడుతుంది?

మామగారు మడి గట్టు మీద కూలబడ్డారు. “నిన్ను అనరాని మాటలన్నానమ్మా.”

“పోనివ్వండి,” అని ఆమె ఆయన పక్కనే కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుని, “అత్తయ్యగారుంటే ఇప్పుడేమనేవారో తెలుసా?” అంది.

ఆవిడ పేరెత్తడం ఆ ఇంట్లో ఇన్నాళ్ళకు అదే మొదలు. ఎవరూ వద్దనలేదు. కోడలు లేచి, నడుం మీద చెయ్యి పెట్టి, మెడ కాస్త పక్కకు వాల్చింది.

“‘మొక్కకు నీళ్ళు పొయ్యమంటే ఈతకు దింపారేంటర్రా. ముగ్గురికీ కలిపి ఒక్క బుర్ర లేదు. లేవండి, నా మడి మీద నుంచి లేవండి.’”

అచ్చం ఆవిడే. అదే సాగదీత, అదే విరుపు. కొడుకు నవ్వబోయాడు. ఆ నవ్వు గొంతులోనే ఏడుపైంది. మట్టి చేతుల్తోనే మొహం కప్పుకుని, “అమ్మా,” అని గట్టు మీద చతికిలబడ్డాడు. భార్యను సాగనంపిన నాడు కూడా కంటతడి పెట్టని ఆ పెద్దాయన, కొడుకు వీపు మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకున్నారు. బుగ్గల ముడతల వెంట నీళ్ళు దిగుతూనే ఉన్నాయి.

ఆయన కళ్ళు తెరవకుండానే అడిగారు.

“ఇంకోసారి అనమ్మా. ఆ చివర్న, లేవండి అన్నావే, అక్కణ్ణుంచి.”