సాంతా బ్రీహిదా సొరంగం ఊపిరి

సాంతా బ్రీహిదా పేరెత్తితే మా ఊళ్లో ఇప్పటికీ శిలువ గుర్తు వేసుకుంటారు. వెండి అయిపోయి మూతబడ్డ గని అది. కప్పు కూలి చచ్చిన బెర్నబే ఆ సొరంగంలోనే తిరుగుతున్నాడనీ, మునిమాపు వేళ అటు పోయినవాళ్ల మొహాన ఊపిరి వదులుతాడనీ... అది తగిలితే రొమ్ము లోపలినుంచి తినేస్తుందనీ అంటారు.

మా పక్కింటి ఓబ్దులియాకు తగిలింది. తను చెప్పిందే చెబుతున్నాను.

ఆడది గనిలో అడుగుపెడితే వెండి దాక్కుంటుందని మా నమ్మకం. అందుకే మొగుడు అన్సెల్మోకు తెలియకుండా వెళ్లింది — మిరపమళ్లకు ఎరువుగా గబ్బిలాల పెంట కోసం. దీపం పైకెత్తింది. వెచ్చటి కంపు గాలి మొహాన కొట్టింది. నెత్తిమీద చీకటి... కదిలింది. దుమ్ము నోరంతా నిండింది. వెనక్కి చూడకుండా పరిగెత్తింది.

ఆ తర్వాత జ్వరం, దగ్గు.

డాక్టర్ ఓర్తెన్సియా ఎక్స్‌రే ఫిల్మును కిటికీకి ఎదురుగా పట్టుకుంది. ఊపిరితిత్తుల నిండా సజ్జలు చల్లినట్టు తెల్లటి చుక్కలు.

"రాతిదుమ్ము జబ్బయినా ఇలాగే ఉంటుంది, క్షయ అయినా ఇలాగే ఉంటుంది. గనిలోకి దిగావా?"

పక్కనే నిలబడ్డ అన్సెల్మో పకపకా నవ్వాడు. "ఆడది గనిలోనా! మీరు పట్నంలో పుట్టారు కాబట్టి సరిపోయింది డాక్టరమ్మా."

ఓబ్దులియా తల దించుకుంది. డాక్టరమ్మ క్షయ మాత్రలు రాసింది. మింగినకొద్దీ చిక్కిపోయింది.

మళ్లీ వెళ్లినప్పుడు డాక్టరమ్మ అన్సెల్మోను బయటికి పంపి తలుపు వేసింది.

"నీ కఫంలో క్షయ లేదు. మాత్రలు పనిచెయ్యలేదు. ఏదో దాస్తున్నావు... ఇలాగే దాస్తే చచ్చిపోతావే."

ఓబ్దులియా గొంతు తగ్గించి చెప్పింది. "సాంతా బ్రీహిదాలోకి... పెంట కోసం. బెర్నబే ఊపిరి తగిలిందమ్మా. ఆయనకు చెప్పకండి."

డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. "బెర్నబే కాదే పిచ్చిదానా, బూజు! గబ్బిలాల పెంటలో పెరుగుతుంది. దుమ్ముతోపాటు లోపలికి పోతుంది. ఫిల్ములో అచ్చం క్షయలాగే కనిపిస్తుంది, మందు మాత్రం వేరు. ఇవాళే రక్తం పరీక్షకు పంపుతాను."

ఓబ్దులియా ఏడ్చింది.

"ఒక్కదానివే వెళ్లావా?"

ఓబ్దులియా కళ్లు వసారా వైపు తిరిగాయి.

డాక్టరమ్మ లేచి తలుపు తీసింది. వసారా బల్లల మీద చూపించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు, పక్కన వాళ్ల మొగుళ్లు.

"సాంతా బ్రీహిదా లోపలికి ఎవరైనా వెళ్లారా?"

మొగుళ్లు పెళ్లాల వంక చూశారు. ఒక్క చెయ్యి లేవలేదు.

అంతలో వెనక బల్ల మీద ఎవరో దగ్గారు... తలుపు పక్కన ఇంకొకరు... మూడో ఆమె శాలువా నోట్లో కుక్కుకుని, ఊపిరి బిగబట్టి, మొగుడినే చూస్తోంది.