అమ్మ నేర్పిన చూపు

పొద్దున్నే కూతుర్ని అద్దం ముందు కూర్చోబెట్టి, జుట్టు కొసలు కత్తిరిస్తూ అమ్మ పాఠం మొదలుపెట్టింది. ఇంటి ముందు గదిలోనే ఆమె సెలూను. తల మీద చెయ్యి వేసిందంటే ఎదుటివాళ్ల కష్టసుఖాలన్నీ లాగేస్తుందని ఆ వీధిలో ఆమెకు పేరు. ఒక్క కన్నకూతురి మనసే ఆమెకు అంతుపట్టదు. ఆ సంగతి మాత్రం చచ్చినా ఒప్పుకోదు.

“డాక్టరు లోపలికి పిలవగానే ఏం చేస్తావు?”

“నవ్వుతాను.”

“ఎక్కడ చూస్తావు?”

“కనుబొమల మధ్య. కాసేపయ్యాక పక్కకి. మళ్లీ కనుబొమల మధ్య.”

“మా తల్లే. ఆ లెన్సుల గొడవ మాత్రం ఎత్తకు. ఎత్తావంటే ఇక ఆపవు. అడిగినదానికి చెప్పి ఊరుకో.”

పాప తల ఊపబోయి, చెవి పక్కన కత్తెర ఉందని గుర్తొచ్చి ఆగింది. ఇరవై నాలుగేళ్లొచ్చినా, కళ్లజోళ్ల షాపు వెనకగదిలో అద్దాలు ఫ్రేముకి సరిపోయేలా అరగదీస్తూ జీతం తెచ్చుకుంటున్నా, ఆ ఇంట్లో ఆమె ఇంకా పాపే. ఆరేళ్లప్పుడు ఒక డాక్టరు ఆమెకు ఆటిజం అన్నాడు. ఆ మాటని తల్లిదండ్రులు ఇన్నేళ్లూ గుమ్మం దాటనివ్వలేదు. ఎలా చూడాలో, ఎప్పుడు నవ్వాలో, ఎంతవరకు మాట్లాడాలో అమ్మ పట్టుబట్టి ఒక్కొక్కటే నేర్పింది. ఇప్పుడు ఎవరికి చెప్పినా నమ్మరు. అమ్మకి అదే కొండంత గర్వం.

నాన్న డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. నేర్చుకుంటే రానిది లోకంలో లేదని ఆయన సిద్ధాంతం. షాపు యజమాని పాపని ముందు కౌంటరులో కూర్చోబెడతానన్న దగ్గర్నుంచీ ఆయన కాలు ఒకచోట నిలవడం లేదు.

“ఈవిడ చాలా పెద్ద డాక్టరట. ఆమె గనక లేదని చెప్పిందంటే, ఆ పాత మాట ఇక మన జోలికి రాదు. పాప కూడా వెళ్దామనగానే సరేనంది చూశావా? దానికీ విసుగొచ్చింది,” అన్నాడు కారు తాళాలు ఆడిస్తూ.

అమ్మకీ లోపల అదే ఆశ. ఆ మాట ఒక్కసారి పోతే చాలు, తను కళ్లు మూసినా పిల్లకి భయం ఉండదు.

ఆస్పత్రిలో నాన్న బయట పచార్లు చేస్తుంటే తల్లీకూతుళ్లు లోపలికి వెళ్లారు. పాప చక్కగా నవ్వింది. చూడాల్సిన చోటే చూసింది. డాక్టరమ్మ ఏది అడిగినా, పాప నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. స్నేహితులా? ఉన్నారండీ. షాపులోనా? అందరికీ ఇష్టమండీ. నిద్రా? బ్రహ్మాండంగా పడుతుందండీ.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. “అమ్మా, మీ అమ్మాయి చిన్నప్పటి సంగతులు అడిగితే మీరు చెబుదురుగాని. ఇవి అమ్మాయిని అడుగుతున్నాను.”

అమ్మకి తల కొట్టేసినట్టయింది.

“షాపులో రోజెలా గడుస్తుంది?” అని డాక్టరమ్మ అడిగేసరికి పాప తల్లి వైపు చూసింది.

“అమ్మని చూడక్కర్లేదు. నన్ను కూడా చూడక్కర్లేదు. నీకెలా హాయిగా ఉంటే అలా కూర్చో.”

పాప ఆ మాట నిజమేనా అన్నట్టు కాసేపు ఆగింది. తర్వాత లేచి, కుర్చీని గోడ వైపు తిప్పుకుని కూర్చుంది. ముఖం మీది నవ్వు పోయింది. బిగిసి ఉన్న భుజాలు కిందికి దిగాయి. గోడతోనే మాట్లాడింది.

“మధ్యాహ్నానికి ముఖం నొప్పెడుతుంది. కనుబొమల మధ్య చూస్తుంటే వాళ్లు చెప్పేది వినపడదు. పెదాలు కదలడం ఆగాక తలూపుతాను. ఇంటికొచ్చాక బట్టల బీరువాలో కూర్చుంటాను. అక్కడ ఎవరి ముఖమూ ఉండదు.”

“అమ్మకి తెలుసా?”

“తెలీదు. బట్టలు సర్దుకుంటున్నానని చెప్తాను. తెలిస్తే నేను సరిగ్గా నేర్చుకోలేదని బాధపడుతుంది.”

ఎప్పుడు చూసినా ఏమిటే ఆ సర్దుడు అని అమ్మ వేళాకోళం చేసిన రోజులు ఎన్నో.

ఇంకా చాలా అడిగి, పరీక్షలు పెట్టి, చివరికి నాన్నని కూడా పిలిచి కూర్చోబెట్టింది డాక్టరమ్మ. చెప్పాల్సింది పాపకే చెప్పింది. “మొదటి డాక్టరు పొరపడలేదు. నీది ఆటిజమే. దాన్ని దాచడంలో మాత్రం ఆరితేరావు. అందుకే అంతలా అలిసిపోతున్నావు.”

ఇంట్లో అడుగు పెట్టగానే నాన్న అందుకున్నాడు.

“ఈవిడ కూడా ఆ తానులో ముక్కే. ఇంకొకళ్లకి చూపిద్దాం. ఈసారి ఇంకాస్త బాగా తయారుచెయ్యి దాన్ని.”

“ఇక నావల్ల కాదు,” అంది అమ్మ.

“పొద్దుటిదాకా నేర్పింది నువ్వే కదా?”

“పొద్దుటిదాకా నాకు బీరువా సంగతి తెలీదు. నేను నేర్పుతున్నాననుకున్నానండీ. అది నాకు భయపడి దాక్కుంటోంది.”

“మరి షాపాయనకి ఏం చెప్పమంటావు? మా పిల్లకి జబ్బుందనా?”

“జబ్బని డాక్టరు అనలేదు,” అంది పాప. “కౌంటరు నాకొద్దు. నాకు వెనకగదే బాగుంది. అది రేపు నేనే చెప్తాను.”

నాన్నకి ఒళ్లు మండింది. “మరి డాక్టరు దగ్గరికనగానే ఎగిరి గంతేసి ఎందుకు ఒప్పుకున్నావే?”

“చిన్నప్పుడు ఆ డాక్టరు మీ ఇద్దరికే చెప్పాడు. నన్ను బయట కూర్చోబెట్టారు. బయటికొచ్చి నువ్వు అమ్మతో, ఎవరికీ చెప్పకు అన్నావు. పెద్దయ్యేదాకా నాకూ చెప్పలేదు. నేనేదో తప్పు చేశాననుకున్నాను. ఏం తప్పో ఎవర్ని అడగాలో తెలీలేదు. ఈసారి నాకే చెప్తారని వచ్చాను.”

“నువ్వేం తప్పు చెయ్యలేదురా,” అని నాన్న ముఖం తిప్పుకుని వరండాలోకి వెళ్లిపోయాడు. ఇంకో డాక్టరు మాట ఆ తర్వాత ఎత్తలేదు.

అమ్మ సెలూను కుర్చీలో కూలబడి భోరున ఏడ్చేసింది. ఇన్నేళ్లుగా పిల్లని కంటికి రెప్పలా కాపాడుకున్నాననుకుంది. ఆ పిల్ల తన సంతోషం కోసం రోజూ ముఖం నొప్పెట్టేలా నవ్వింది.

పాప దగ్గరికి వచ్చి నిలబడింది.

“ఎవరైనా ఏడిస్తే భుజం మీద చెయ్యి వెయ్యాలని చెప్పావు. వెయ్యనా?”

“నీకు వెయ్యాలనుందా?”

పాప చాలాసేపు ఆలోచించింది. “లేదు.”

“అయితే వద్దులే, తల్లీ.”

“ఎంతసేపు ఏడుస్తావు?”

“ఏమోనే. కాసేపు.”

“సరే. అయ్యేదాకా ఇక్కడే ఉంటాను.”

పాప నేల మీద, గోడకి వీపు ఆనించి, అమ్మ వైపు కాకుండా పక్కకి చూస్తూ కూర్చుంది. అలా ఉండమని అమ్మ ఆమెకు ఎప్పుడూ నేర్పలేదు.